తక్కువ బరువుతో కండ పెంచడం

శ్రోతలందరికీ నమస్కారం. మోకాలికి ఆపరేషన్ అయిన మనిషి తొడను రెండు మూడు వారాల తర్వాత ఎప్పుడైనా గమనించారా? బాగున్న కాలి పక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే మనిషివంటే నమ్మబుద్ధి కాదు, అంత సన్నబడిపోతుంది. నాకు అలా అయినప్పుడు నిజంగా భయం వేసింది. కండ మళ్లీ రావాలంటే బరువులు ఎత్తాలంటారు, బరువు ఎత్తితే ఇంకా మానని మోకాలు ఒప్పుకోదు, మరి ఏం చేయాలి? ఆ ఇరకాటంలో ఉన్నప్పుడే మా ఫిజియోథెరపిస్టు బ్లడ్ ఫ్లో రెస్ట్రిక్షన్, అంటే రక్త ప్రవాహాన్ని కొంత అడ్డుకునే పద్ధతి గురించి చెప్పారు. బీఎఫ్ఆర్ అంటారు. ఈరోజు దాని గురించే మాట్లాడతాను.

బీపీ చూసేటప్పుడు చేతికి చుట్టే పట్టీ తెలుసు కదా, దాదాపు అలాంటిదే గాలి నింపే కఫ్ ఒకటి తొడ మొదట్లోనో, చేతికి భుజం కిందుగానో చుట్టి, కొంత ఒత్తిడి పెట్టి, దాన్ని అలాగే ఉంచి చిన్న బరువుతో వ్యాయామం చేయడం. అంతే. కండ పెరగడానికి మామూలుగా ఇచ్చే సలహా, మీరు ఒకే ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువులో ఇంచుమించు 70 శాతం ఎత్తమని. ఇక్కడ 20 నుంచి 30 శాతం చాలు. అంటే 50 కిలోలు ఎత్తగలిగే మనిషికి 35 కిలోలు అక్కర్లేదు, 10 నుంచి 15 కిలోలతో పని జరుగుతుంది.

అదెలా అంటే, కండరానికి రక్తం తెచ్చే ధమని గోడ మందంగా ఉంటుంది, తిరిగి గుండెకు తీసుకెళ్లే సిర గోడ పలచన. బయట నుంచి నొక్కితే ముందు సిర మూసుకుంటుంది. కాబట్టి రక్తం లోపలికి తగ్గి అయినా వస్తూనే ఉంటుంది, బయటికి పోవడమే కష్టమవుతుంది. కండరంలో ఆక్సిజన్ తగ్గుతుంది, కష్టపడే కండరంలో తయారయ్యే లాక్టేట్ లాంటివి పేరుకుపోతాయి, కండరం ఉబ్బుతుంది. నిదానంగా పనిచేసే కండర తంతువులు త్వరగా అలిసిపోవడంతో శరీరం వేగంగా పనిచేసే పెద్ద తంతువుల్ని కూడా పనిలోకి దించక తప్పదు. అవి మామూలుగా పెద్ద బరువు వస్తే తప్ప కదలవు. అవే ఎక్కువగా పెరిగే తంతువులు కూడా. చేతిలో ఉన్నది చిన్న డంబెలే, కానీ కండరం పడే కష్టం మాత్రం చిన్నది కాదు. ఈ వ్యాయామం చేశాక గ్రోత్ హార్మోన్ విపరీతంగా పెరుగుతుందని మొదట్లో గొప్పగా చెప్పుకున్నారు. పెరిగే మాట నిజమే, కానీ కాసేపు పెరిగి తగ్గిపోయే ఆ హార్మోన్ వల్లే కండ వస్తుందని ఇప్పుడు అనుకోవడం లేదు.

ఈ ఆలోచన జపాన్‌లో పుట్టింది. 1966లో యోషియాకి సాటో అనే యువకుడు ఒక బౌద్ధ సంస్మరణ కార్యక్రమంలో మోకాళ్లు మడిచి మడమల మీద చాలాసేపు కూర్చున్నాడు. పిక్కలు తిమ్మిరెక్కి, ఉబ్బి, గట్టిపడ్డాయి. అచ్చం పిక్కల వ్యాయామం చేసినప్పటిలాగే ఉందే అనిపించింది. మనలో ఎవరైనా అయితే కాలు విదిలించుకుని లేచిపోతాం. ఆయన మాత్రం ఏళ్ల తరబడి తన మీదే ప్రయోగాలు చేసుకున్నాడు. 1973లో స్కీయింగ్‌లో పడి కాలు దెబ్బతిన్నప్పుడు అదే కాలికి పట్టీలు కట్టి సాధన చేశాడు. తన పద్ధతికి కాట్సు అని పేరు పెట్టాడు.

చేసే తీరు చెబుతాను. మొదటి సెట్ 30 రెప్స్, అంటే ఒక విడతలో 30 సార్లు ఎత్తి దించడం, తర్వాత 15 చొప్పున మూడు సెట్లు, మధ్యలో 30 సెకన్లు, మహా అయితే నిమిషం విశ్రాంతి, కఫ్ మాత్రం విప్పకూడదు. అయిపోగానే విప్పేయాలి. వినడానికి తేలిగ్గానే ఉంది, నేనూ అలాగే అనుకున్నాను, మూడో సెట్‌కి వచ్చేసరికి తొడ నిప్పుల మీద పెట్టినట్టు మండింది! మంట ఉండాలి, అది సహజం. తిమ్మిరి, పోటు, పాదం చల్లబడటం, రంగు మారడం మాత్రం ఉండకూడదు. అవి కనిపిస్తే లెక్క పూర్తయ్యేదాకా ఆగొద్దు, వెంటనే విప్పేయండి.

అసలు విషయం ఒత్తిడిలోనే ఉంది. ఆ కాలికో చేతికో రక్తం పూర్తిగా ఆగిపోవడానికి ఎంత ఒత్తిడి కావాలో ముందు కొలిచి, అందులో 40 నుంచి 80 శాతం మాత్రమే పెట్టాలి. తొడ లావును బట్టి, కఫ్ వెడల్పును బట్టి, మనిషి బీపీని బట్టి ఆ అంకె మారుతుంది. వెడల్పు కఫ్‌కి తక్కువ ఒత్తిడి సరిపోతుంది. అందుకే పక్కవాడి అంకె మీకు పనికిరాదు. తాడో, సన్నటి రబ్బరు బ్యాండో తీసుకుని బిగించి కట్టుకునేవాళ్లను చూస్తే నాకు గుండె దడ. దయచేసి ఆ పని చేయకండి.

కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, గర్భిణులు, బీపీ అదుపులో లేనివాళ్లు, రక్తనాళాల జబ్బులు, సికిల్ సెల్ అనే రక్త జబ్బు ఉన్నవాళ్లు డాక్టరు ఒప్పుకోకుండా దీని జోలికి వెళ్లొద్దు. జపాన్‌లో 2006లో వచ్చిన ఒక సర్వేలో సుమారు 12,600 మంది వివరాలు చూస్తే, 13 శాతం మందిలో చర్మం కింద రక్తం కమిలింది, సిరల్లో గడ్డ ఏర్పడింది 0.055 శాతం మందిలో. అరుదే, కానీ ఉంది.

బరువులు హాయిగా ఎత్తగలిగే ఆరోగ్యవంతులకు ఇది తప్పనిసరి అని నేను చెప్పను. కండ పరిమాణం దాదాపు సమానంగానే పెరిగినా, బలం విషయంలో పెద్ద బరువులదే పైచేయి. కఫ్ లేకుండా చిన్న బరువునే ఇక ఎత్తలేను అనేదాకా ఎత్తినా కండ వస్తుంది, కాకపోతే చాలా ఎక్కువసార్లు ఎత్తాలి. కీళ్లు అరిగినవాళ్లకు, ఆపరేషన్ నుంచి కోలుకుంటున్నవాళ్లకు, వయసు మీదపడినవాళ్లకు అయితే దీనంత ఆశ ఇచ్చేది నాకు ఇంకొకటి కనబడలేదు. ఒక అధ్యయనంలో యువకులు తొడలకు పట్టీలు కట్టుకుని నిమిషానికి 50 మీటర్ల చొప్పున, అంటే చాలా మెల్లగా, మూడు వారాలు నడిచారు. బరువేమీ ఎత్తలేదు, ఒట్టి నడకే. అయినా తొడ కండరం పెరిగింది.