ఇంటి పునాదికి నీళ్ళు పెట్టే ఊళ్ళో మా సొరపాదు కష్టాలు

హాయ్ అండీ, అందరూ బాగున్నారా. ఈరోజు వీడియో కిచెన్‌లోంచి కాదు, వెనక పెరట్లోంచి. టైమ్ సాయంత్రం ఏడున్నర అయినా ఎండ చూడండి ఎలా ఉందో, టెక్సాస్‌లో డాలస్ పక్కనున్న మా ఫ్రిస్కోలో జూన్ అంటే ఎనిమిదిన్నర దాకా పొద్దుగూకదు, కాబట్టి చెమటలు కారుతుంటే ఏమనుకోకండి.

కొత్తగా చూసేవాళ్ళకి చెప్తా, నేను పుట్టి పెరిగింది కూకట్‌పల్లిలో, అపార్ట్‌మెంట్ నాలుగో ఫ్లోర్. నాకు తెలిసిన మట్టి అంటే బాల్కనీలో తులసి కుండీలో మట్టే. మా ఆయనది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు దగ్గర పల్లెటూరే కానీ, పొలం గట్టు తొక్కనివ్వకుండా హాస్టల్లో వేసి చదివించారు, సో వ్యవసాయంలో ఇద్దరం సమానమే, ఇద్దరికీ సున్నా.

2022లో మొదటిసారి పెరట్లో తోట పెట్టాం. స్టోర్‌లో టమాటా మొక్కలు కొనేసి, మార్చిలో డైరెక్ట్‌గా నేల తవ్వి నాటేశాం. ఏప్రిల్ వానలకి ఆ గుంటల్లో నీళ్ళు నిలిచిపోయి వేర్లు కుళ్ళిపోయాయి. జూలై వచ్చేసరికి అదే నేల ఎంత లోతున బీటలు వారిందంటే, మా బుడ్డోడి బొమ్మ కారు అందులో పడితే చీపురు పుల్లతో తీశాం. ఇది మట్టి కాదు, మనకి ఏదో చెత్త ప్లాట్ అంటగట్టారు అని బిల్డర్‌ని బాగా తిట్టుకున్నాం.

ఈ మార్చిలో మావయ్య గారు వచ్చారు. వస్తూ వస్తూ జేబురుమాల్లో గోంగూర, సొర విత్తనాలు మూట కడుతుంటే వీడియో కాల్‌లో చూసి నేనే తీయించేశా. సర్టిఫికెట్ లేకుండా విత్తనాలు తేకూడదండీ, ఎయిర్‌పోర్ట్‌లో తీసేసుకుంటారు, ఫైన్ కూడా పడొచ్చు. ఇక్కడే ఆన్‌లైన్‌లో మన కూరగాయల విత్తనాలన్నీ దొరుకుతున్నాయి.

ఆయన వచ్చిన రెండో రోజు పొద్దున్నే, జెట్‌లాగ్‌తో నిద్ర పట్టక, పెరట్లోకెళ్ళి ఒక పెళ్ల తీసి కాస్త నీళ్ళు పోసి వేళ్ళ మధ్య పాముతూ కూర్చున్నారు. నేను కాఫీ తీసుకెళ్తే, "అమ్మాయ్, ఇది నల్లరేగడి. మన పత్తి చేలో మట్టే" అన్నారు. నేను నవ్వాను. తర్వాత చదివితే నిజమే, డాలస్ చుట్టుపక్కలంతా బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అంటారు, ఒకప్పుడు ఇదంతా పత్తి పండిన నేలే. తడిస్తే ఉబ్బి, ఎండితే ముడుచుకుపోయే జిగురు బంకమట్టి, అచ్చం మనవైపు లాగే. అందుకే ఇక్కడ ఎండాకాలం పునాది కదలకుండా ఇంటి చుట్టూ చిల్లుల పైపు పరిచి నీళ్ళు పెడతారు. అది చూసి మావయ్య గారు మా ఆయన్ని పిలిచి "ఏరా, ఇంటిక్కూడా తడి పెడతారా ఇక్కడ? ఇల్లేమైనా పిందెలేస్తుందా?" అన్నారు. అన్నాక కాసేపు ఏం మాట్లాడలేదు. కొడుకుని ఆ మట్టిలోంచి బయటపడేయడానికి ఆయన రెండెకరాలు అమ్మారు మరి.

సరే, ఈసారి నేల తవ్వకుండా పైన మడులు కట్టిన సంగతి. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడుగు, అడుగు ఎత్తు చెక్క మడులు రెండు కట్టాం. వాటికి రెండున్నర క్యూబిక్ యార్డుల మట్టి తెప్పించాం, ఎవరి దగ్గరో చెప్పను కానీ ఆ మట్టితో పాటు తుంగ ఫ్రీగా వచ్చింది. పీకితే పైన ఆకులే వస్తాయి, కింద గడ్డ అలాగే ఉండి వారంలో మళ్ళీ మొలుస్తుంది. మావయ్య గారికి ఇక్కడ బొరిగె ఎక్కడ దొరుకుతుంది, మా ఆయన పాత స్క్రూడ్రైవర్ తీసుకుని రోజూ పొద్దున్నే ఒక్కో గడ్డ తవ్వి డబ్బాలో వేస్తున్నారు. ఇంకోటి, బంకమట్టిలో ఇసుక కలపకండి, ఇటుకలా తయారవుతుంది. ఇక్కడి వాళ్ళు ఎక్స్‌పాండెడ్ షేల్ (కాల్చి ఉబ్బించిన రాతి పలుకులు), కంపోస్టు కలుపుతారు. కంపోస్టు డబ్బా పెడితే హెచ్‌ఓఏ, అంటే కాలనీలో ఇళ్ళ ఓనర్ల సంఘం, ఊరుకోదని భయపడేవాళ్ళకి ఒక మాట, టెక్సాస్ చట్టం ప్రకారం వాళ్ళు ఎక్కడ పెట్టాలో చెప్పగలరు కానీ అసలు వద్దనడానికి లేదు. కోళ్ళు మాత్రం మాకు కుదరదు, పిల్లలు అడగడం ఆపరు, అది వేరే వీడియో.

టమాటా అయిపోయింది, రాత్రిళ్ళు కూడా 75 డిగ్రీల ఫారెన్‌హీట్ దిగకపోతే పిందె కట్టదు. గోంగూర, బెండ, బచ్చలి మాత్రం ఈ ఎండకి పండగ చేసుకుంటున్నాయి. బెండ రెండ్రోజులు చూడకపోతే కర్రే.

అసలు కథ సొరపాదుది. ఏప్రిల్‌లో పెట్టాం, జూన్ మొదట్లో తెల్లపూలు పందిరి నిండా. పిందెలు వస్తున్నాయి, గోరంత అవ్వగానే పసుపెక్కి రాలిపోతున్నాయి. మావయ్య గారు దిష్టి అని తేల్చేశారు, నా పాత చెప్పు ఒకటి పందిరికి కట్టారు, పక్కింటి ఆవిడ ఫెన్స్ మీదుగా చూసి అది ఆరేసుకున్నామనుకుందో ఏమో. ఆయనకీ కారణం తెలీదండీ, ఊళ్ళో సొరపాదు పూరిపాక మీదకి దానంతటదే పాకి కాసేది, పూలెవరూ ముట్టుకున్నది లేదు. నాకు ఎప్పుడు వెలిగిందంటే, సొరపువ్వు విచ్చేది సాయంత్రం, రాత్రి వచ్చే చిమ్మటలు, అదే మాత్‌లు, దాని పుప్పొడి మోయాలి, మేమేమో దోమలకని మూడు వారాలకోసారి మనిషిని పెట్టి పెరడంతా మందు కొట్టిస్తున్నాం. దోమతో పాటు చిమ్మటా పోయింది, తేనెటీగా పోయింది. డబ్బులిచ్చి మరీ!

మందు ఆపేశాం. చిమ్మటలు ఎప్పుడొస్తాయో తెలీదు కాబట్టి ఈలోపు ఆ పని మేమే. చూడండి, దగ్గరగా చూపిస్తా. సన్నటి పొడుగు కాడ ఉన్నది మగపువ్వు. పువ్వు కింద నూగుతో చిన్న సొరకాయ బొమ్మలా ఉందే, అది ఆడది. మగపువ్వు కోసి, రేకులు తీసేసి, మధ్యలో ఉన్న పుప్పొడి దీనికి మెత్తగా తాకించాలి, పొడవకూడదు. రెండు మూడు రోజుల్లో కాడ కిందకి వంగి పిందె ఊరితే నిలిచినట్టే. ఇదిగో, ఇది పదకొండు రోజులది, నా మోచెయ్యంత ఉంది. మొదటిది అత్తయ్య గారు ఫోన్‌లో చెప్తుంటే నువ్వులు వేసి కూర చేశా, ఫొటో తీసేలోపే అయిపోయింది.

"అమ్మాయ్, నాలుగు విచ్చినయ్, ఆ లైట్ ఇటు పట్టు!" విన్నారుగా, మాటల్లో చీకటి పడిపోయింది, మావయ్య గారు పిలుస్తున్నారు. ఫోన్ లైట్ అటు పట్టాలి, వీడియో ఆపేస్తున్నా, ఉంటానండీ.