అనుమతి అడగని కైనేజ్
నమస్కారం. మొక్క పిండం తొలి అడుగులన్నీ తల్లి కనుసన్నల్లోనే పడతాయనీ, పుప్పొడి మోసుకొచ్చేది జన్యువుల మూట మాత్రమేననీ వాదించేవారితో, తండ్రి మాట కూడా అక్కడ చెల్లుతుందనే మన తగవు పాతదే. ఈరోజు వారి ముందు షార్ట్ సస్పెన్సార్ అనే ఒకే ఒక్క ప్రోటీన్‌ను సాక్షిగా నిలబెడుతున్నాను.

ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఫలదీకరణ చెందిన అండకణం మొదట నిలువుగా సాగి, ఆ తరువాత చిన్నా పెద్దా కణాలుగా విడిపోతుంది. పైనున్న చిన్న కణం దాదాపు పిండమంతటినీ కడుతుంది. కిందనున్న పెద్ద కణం నుంచి సస్పెన్సార్ అనే సన్నని కణాల వరుస పుట్టి, పిండానికి పోషకాలు అందించి, పని తీరగానే చనిపోతుంది. దీన్నంతా నడిపేది యోడా అనే కైనేజ్, అంటే ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించి వాటిని మేల్కొలిపే ప్రోటీన్. అది తన కింది కైనేజ్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తే, ఆ కైనేజ్ మరొకదానికి తగిలిస్తుంది. అలా కబురు ఎంపీకే3, ఎంపీకే6 అనే చివరి కైనేజ్‌ల దాకా చేరుతుంది. యోడా చెడిన మొక్కల్లో అండకణం సాగదు, సస్పెన్సార్ ఏర్పడదు. యోడాను నిరంతరం మేల్కొని ఉండేలా మార్చినప్పుడు సస్పెన్సార్ విపరీతంగా పెరిగి, పిండం ఎదుగుదలనే అణచివేసింది. 2004లోనే ఇది తేలింది.

మరి యోడాను లేపేది ఎవరు? తండ్రి! షార్ట్ సస్పెన్సార్ అనే జన్యువు నకలు పుప్పొడిలోని శుక్రకణాల్లో తయారై, అక్కడ ప్రోటీన్‌గా మారకుండా, అంటించిన ఉత్తరంలా ప్రయాణించి, ఫలదీకరణ అయ్యాకే విప్పుకుంటుందని 2009లో వెల్లడైంది. తల్లి ప్రతి చక్కగా ఉన్నా తండ్రి ప్రతి చెడితే సస్పెన్సార్ పొట్టిదవుతుంది. తల్లి ప్రతి చెడి తండ్రిది బాగుంటే ఏ లోపమూ కనబడదు. ఇంతకన్నా ఏం రుజువు కావాలండీ?

అసలు విడ్డూరం ఇంకొకటి ఉంది. కైనేజ్ కుటుంబంలో పుట్టిన ఈ షార్ట్ సస్పెన్సార్ ప్రోటీన్‌లో, కైనేజ్‌లకు ఫాస్ఫేట్ అందించే ఏటీపీ అణువును పట్టుకునే చోటును పాడుచేసినా దాని పని ఆగలేదు, అంటే ఇది పేరుకే కైనేజ్! దీని తోబుట్టువైన బీఎస్‌కే1 అనే ప్రోటీన్, కణం ఉపరితలంపై సంకేతాలు అందుకునే గ్రాహకం పురమాయిస్తేనే కదులుతుంది. ఇది మాత్రం ఎవరి అనుమతీ అడగకుండా పుట్టిందే తడవుగా యోడాను తట్టి లేపుతుంది. తల్లి నుంచి పోషకాలు లాగే గొట్టాన్ని త్వరగా వేయించుకోవడానికి తండ్రి పన్నిన ఎత్తు ఇది అన్నదే నా సిద్ధాంతం.

ఈ జన్యువు ఆవాల కుటుంబానికే పరిమితమని కొందరు దెప్పుతారు. ఉన్న జన్యువు రెండింతలైనప్పుడు ఒక ప్రతిని పుప్పొడి చేజిక్కించుకుందనడానికి అదే గుర్తు అంటాను నేను. తల్లి వైపు నుంచి వచ్చే ఈఎస్‌ఎఫ్1 పెప్టైడ్లు (చిన్న ప్రోటీన్ ముక్కలు) కూడా సస్పెన్సార్‌ను పెంచేవే కదా అని మరికొందరు నిలదీస్తారు. నిజమే, ఆ ప్రశ్న నన్నూ గుచ్చుతుంది. అయితే ఆ పెప్టైడ్లు కణం వెలుపలి నుంచి తలుపు తట్టవలసిందే. తండ్రి ఉత్తరం అప్పటికే ఇంట్లో ఉంది.