ఫీజు రీయింబర్స్‌మెంట్ నిజంగా పనిచేసిందా? లెక్క తేల్చే పరిశోధకుడి పని

[తెరపై: పక్కపక్కనే రెండు ర్యాంకు కార్డులు. 9,990. 10,010.]

వాయిస్: ఇద్దరూ బీసీ విద్యార్థులే. ఇద్దరి ఇంటి ఆదాయమూ పరిమితి లోపలే. ఇద్దరూ కన్వీనర్ కోటాలో ఇంజనీరింగ్ చేరారు. తెలంగాణలో ఏళ్లుగా ఉన్న నిబంధన ప్రకారం 10,000 లోపు ర్యాంకు వచ్చినవారికి ఫీజంతా ప్రభుత్వమే కడుతుంది. ఆపై ర్యాంకైతే ఏడాదికి 35,000 వరకే. కాలేజీ ఫీజు లక్ష అనుకుంటే, రెండో కుటుంబం మీద నాలుగేళ్లకు పడే భారం 2,60,000. ఎప్‌సెట్‌లో ఈ ఇద్దరి మధ్య తేడా ఒక్క ప్రశ్న కూడా ఉండదు.

పథకాల మీద పనిచేసే పరిశోధకుడికి ఇంతకంటే మంచి అవకాశం అరుదుగా దొరుకుతుంది. ఎందుకో చూద్దాం.

[తెరపై: “పథకం లేకపోతే ఏమయ్యేది?”]

“ఇంతమందికి ఇచ్చాం, ఇంతమంది పాసయ్యారు” అని శాఖలు నివేదికలు ఇస్తుంటాయి. అందులో పథకం వల్ల పాసయినవారెందరో తెలియదు. డబ్బు అందకపోయినా వాళ్లలో కొందరు అప్పోసప్పో చేసి చదివేవారే. వాళ్లను తీసేసి మిగిలిన భాగాన్ని పట్టుకోవడమే మన పని. అందుకు పోల్చడానికి సరైన గుంపు కావాలి. పథకం అందినవాళ్లను అందనివాళ్లతో నేరుగా పోలిస్తే చెల్లదు. దరఖాస్తు పెట్టుకుని, కాగితాలన్నీ సమకూర్చుకున్న ఇంటికీ, మీసేవ గడప తొక్కని ఇంటికీ మొదటి నుంచే తేడా ఉంటుంది.

రాష్ట్రం మొత్తం అంకెలు చూసి తేల్చేద్దామనుకుంటే ఇంకో చిక్కు. ఉన్నత విద్యపై కేంద్రం చేసే ఐషే సర్వేనే తీసుకోండి. 2019-20లో దేశవ్యాప్త స్థూల నమోదు నిష్పత్తి, అంటే 18-23 ఏళ్ల జనాభాలో ప్రతి వందమందికి ఉన్నత విద్యలో ఉన్నవాళ్లెందరో చెప్పే అంకె, 27.1 అని అప్పటి నివేదిక. మరుసటి ఏడాది 27.3. అంటే దాదాపు ఏమీ పెరగలేదనిపిస్తుంది. నిజానికి మధ్యలో లెక్క మారింది. జనాభా అంచనాలకు 2001 జనగణన బదులు 2011 జనగణన వాడారు. కొత్త పద్ధతిలో 2019-20 నిష్పత్తి 25.6 అవుతుంది. ఈ లెక్కన పెరుగుదల 0.2 కాదు, 1.7. రెండు ఏళ్ల అంకెలు పక్కపక్కన పెట్టేముందు ఫుట్‌నోట్ చదవండి. చాలామంది చదవరు.

[తెరపై: రెండు గీతలు. ఒకటి ర్యాంకు, ఒకటి ఆదాయం.]

ఇప్పుడు మళ్లీ 10,000 ర్యాంకు గీత దగ్గరికి వద్దాం. దానికి కాస్త అటూ ఇటూ ఉన్నవాళ్లు దాదాపు ఒకలాంటివాళ్లే, తేడా ఫీజు సాయంలోనే. మనకు కావలసిన పోలిక అదే. పథకంలో గీతలు రెండున్నాయి: 10,000 ర్యాంకు, ఆదాయ పరిమితి. బీసీలకు ఆదాయ పరిమితి గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. రెండూ గీతలే కదా, ఏదైనా వాడొచ్చుగా అంటారేమో. ఆదాయ గీతను నేనైతే ముట్టుకోను. సర్టిఫికెట్‌లో ఆదాయం ఎంత రాయించుకోవాలో దరఖాస్తుదారుకు తెలుసు, రాసేవారికీ తెలుసు. గ్రాఫ్ గీసి చూడండి: పరిమితికి సరిగ్గా కింద జనం కుప్పగా ఉంటే, పైన ఖాళీగా ఉంటే, ఆ గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్లు ఒకలాంటివాళ్లు కారు. ర్యాంకును మాత్రం ఎవరూ తమకు కావలసినట్టు రాయించుకోలేరు.

పని ఇలా సాగుతుంది. ముందు ఆ విద్యా సంవత్సరానికి వర్తించే జీవో తెచ్చుకుని, మినహాయింపులు వెతకాలి. ర్యాంకుతో సంబంధం లేకుండా పూర్తి ఫీజు అందేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లను వేరు చేయాలి. తర్వాత 9,500 నుంచి 10,500 వరకు ర్యాంకులు వచ్చినవాళ్ల జాబితా. ఇక్కడే ఎక్కువ మంది తప్పుతారు: ఇంజనీరింగ్‌లో చేరినవాళ్ల జాబితాతో మొదలుపెడతారు. ఫీజు కట్టలేక చేరనే చేరనివాళ్లు అందులో ఉండరు. పథకం ప్రభావంలో పెద్ద ముక్క అక్కడే పోతుంది. ర్యాంకు జాబితాతోనే మొదలుపెట్టాలి.

అటూ ఇటూ సగటులు తీసి పోల్చినా తప్పే. 9,500 వాడు 10,500 వాడికంటే ఎలాగూ కాస్త మెరుగు. గీతకు రెండు వైపులా విడివిడిగా ధోరణి గీసి, సరిగ్గా 10,000 దగ్గర ఎంత ఎగిరిందో చూడాలి. గీతకు 200, 300, 500 ర్యాంకుల దూరంతో మూడుసార్లు చేయాలి. మూడింటిలో మూడు రకాల జవాబులు వస్తే ఆ ఫలితాన్ని నమ్మకూడదు.

ఇంకొక పరీక్ష ఉంది, చాలా ముచ్చటైనది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 10,000కు ఇటైనా అటైనా పూర్తి ఫీజే. కాబట్టి వాళ్లలో ఆ గీత దగ్గర ఏ మార్పూ కనిపించకూడదు. కనిపించిందంటే ఫీజు కాకుండా ఇంకేదో పనిచేస్తున్నట్టు, లేదా డేటాలో ఎక్కడో పొరపాటు ఉన్నట్టు.

[తెరపై: 16 × p × (1−p) ÷ d²]

ఎంతమంది కావాలి? బ్యాక్‌లాగ్ లేకుండా నాలుగేళ్లలో పూర్తిచేసేవాళ్లు సగం అనుకుందాం, సూత్రంలో p అదే: 0.5. పథకం దాన్ని 5 శాతం పాయింట్లు (d, అంటే 0.05) పెంచితే పట్టుకోవాలంటే 16 × 0.25 ÷ 0.0025, అంటే ఒక్కో వైపు సుమారు 1,600 మంది. 10 పాయింట్లయితే 400 చాలు. లేని ప్రభావాన్ని ఉందనుకునే ప్రమాదం 5 శాతం, నిజంగా ఉంటే పట్టుకునే అవకాశం 80 శాతం అనుకుని వేసిన లెక్క ఇది. గీత దగ్గర ధోరణి గీసే పద్ధతిలో ఇంకా ఎక్కువమందే కావాలి. మన జాబితాలో ఉన్నవి మొత్తం వెయ్యి ర్యాంకులే. అందులో అందరూ బీసీలు కారు, అందరూ ఆదాయ పరిమితిలో ఉండరు. ఒక్క ఏడాది డేటాతో తేలదు. కొన్ని బ్యాచ్‌లు కలపాల్సిందే.

ర్యాంకులు కాకుండా కాలేజీల వారీగా సర్వే చేస్తే సంఖ్య ఇంకా పెరుగుతుంది. ఒకే కాలేజీ పిల్లలు ఒకరికొకరు పోలి ఉంటారు. కాలేజీకి 20 మంది, ఆ పోలికను 0 నుంచి 1 వరకు కొలిస్తే 0.05 అనుకుంటే, 1,600ను 1.95తో (1 + 19 × 0.05) గుణించాలి: ఒక్కో వైపు 3,120 మంది, 156 కాలేజీలు. ప్రతిపాదనలో ఈ గుణకారం మరిచిపోయి డబ్బు అడిగితే, సర్వే సగంలో ఆగుతుంది.

[తెరపై: ఒకే పేరు, నాలుగు స్పెల్లింగులు.]

సమయమంతా మింగేది డేటా కలపడం. ర్యాంకు ఒక శాఖ దగ్గర, స్కాలర్‌షిప్ వివరాలు ఈపాస్ పోర్టల్‌లో, మార్కులు యూనివర్సిటీలో. పదో తరగతి హాల్‌టికెట్ నంబరు, పాసైన సంవత్సరం రెండూ ఉంటే అదృష్టమే. లేకపోతే పేర్లతో కలపాలి. లక్ష్మిని ఇంగ్లీషులో ఒకచోట కేఎస్‌హెచ్‌తో, మరోచోట ఎక్స్‌తో రాస్తారు. ఇంటిపేరు ఒకచోట ముందు పొడి అక్షరంగా, మరోచోట చివర పూర్తిగా ఉంటుంది. పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ మూడూ కలిపి చూడండి. బడిలో చేర్చేటప్పుడు వేసిన తేదీలు ఎందరికో జూన్‌లోనే ఉంటాయి కాబట్టి తేదీ ఒక్కదాన్ని నమ్మకండి. యంత్రం కలిపినవాటిలో 200 తీసి చేత్తో సరిచూసి, తప్పుల శాతం నివేదికలో రాయండి. కలిపాక పేర్లు, నంబర్లు తీసేసి వేరే ఫైల్లో తాళం వేయడం తప్పనిసరి.

మంజూరైన తేదీ కాదు, డబ్బు విడుదలైన తేదీ తీసుకోండి. బకాయిలు పేరుకుపోతే కాలేజీలు ఫీజు విద్యార్థి దగ్గరే అడుగుతాయి, కొన్నిచోట్ల సర్టిఫికెట్లు ఆపుతాయి. అప్పుడు 9,990 వాడూ 10,010 వాడూ జేబులోంచి కట్టింది దాదాపు ఒకటే అవుతుంది. గీత దగ్గర తేడా కనిపించకపోవడానికి కారణం పథకం రూపమా, చెల్లింపు ఆలస్యమా? కుటుంబం నిజంగా ఎంత కట్టిందో అడిగితేనే తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఫీజు డబ్బు కాలేజీకి కాకుండా తల్లుల ఖాతాలోకి వెళ్లడం మొదలై, కొన్నేళ్లు సాగింది. దారి మారితే ప్రశ్నలూ మారాలి: ఖాతాలో ఎప్పుడు పడింది, కాలేజీకి ఎప్పుడు కట్టారు.

ఫోన్ సర్వే చేస్తే మొదటిరోజే మూడు నంబర్లు తీసుకోండి: సొంతది, ఇంట్లోవాళ్లది, ఊళ్లో ఇంకొకరిది. రెండేళ్లకు సొంత నంబరు మారిపోతుంది. సాయంత్రం ఏడు తర్వాత, ఆదివారాలు చేస్తేనే ఎత్తుతారు. “చదువు మానేశావా” అనొద్దు, ఎవరూ ఔననరు. “ఇప్పుడు ఏ సెమిస్టర్? ఎన్ని సబ్జెక్టులు ఉండిపోయాయి?” అనండి.

[తెరపై: +3. అంతరం −1 నుంచి 7.]

చివరికి జవాబు ఇలా వచ్చిందనుకోండి: 3 పాయింట్ల పెరుగుదల, 95 శాతం అంతరం (అసలు ప్రభావం ఉండగల హద్దులు) −1 నుంచి 7. దీన్ని “ప్రభావం లేదు” అని రాయకూడదు, “3 శాతం పెంచింది” అనీ రాయకూడదు. ఏమీ లేకపోయి ఉండొచ్చు, 7 వరకూ ఉండొచ్చు, ఈ డేటాతో ఇంతకంటే తేలదు. శాఖ అధికారి ఒక్క అంకె అడుగుతారు. మూడు అంకెలూ ఇచ్చి, ఇంకెన్ని బ్యాచ్‌లు కలిపితే అంతరం సగానికి తగ్గుతుందో చెప్పండి. సగం కావాలంటే డేటా నాలుగు రెట్లు కావాలి.