మొదటి బంతిలో పప్పు ఎందుకు? ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో రన్నింగ్ బ్యాక్ బేరం

నమస్కారం. ఏప్రిల్‌లో ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే కార్యక్రమం, వచ్చిందంటే డాలస్ చుట్టుపక్కల మన తెలుగువారి ఇళ్ళలో ఒక వాదన తప్పకుండా మొదలవుతుంది: "అంత బాగా పరుగెత్తే కుర్రవాడిని వదిలేసి, ఎవరూ పేరు కూడా వినని ఆ లావుపాటి లైన్‌మన్‌ను ఎందుకు తీసుకున్నారు?" ఈ ప్రశ్న విన్న ప్రతిసారీ నాకు చిరాకు కలుగుతుంది, ఎందుకంటే అడిగేవారు డ్రాఫ్ట్‌ను ఐపీఎల్ వేలంలాగా ఊహించుకుంటున్నారు. డ్రాఫ్ట్‌లో ఎవరి వంతు ఎప్పుడన్నది ముందే నిర్ణయమై ఉంటుంది కనుక, ఎవరు గొప్ప ఆటగాడన్నది సగం ప్రశ్నే. ఇప్పుడు వదిలేస్తే అలాంటివాడు మళ్ళీ దొరుకుతాడా అన్నది మిగతా సగం.

పెళ్ళి భోజనాలను తలచుకోండి. డ్రాఫ్ట్‌లోని ఏడు రౌండ్లను ఏడు బంతులనుకుందాం. ఈ వీడియోలో బంతి అంటే ఆడేది కాదు, విస్తరి ముందు కూర్చునేది. మన పెళ్ళిళ్ళలో వియ్యాలవారిని ముందు కూర్చోబెడితే, ఇక్కడ నిరుటి సీజన్‌లో అందరికంటే ఎక్కువగా ఓడినవారిని ముందు కూర్చోబెడతారు. పూర్ణం బూరెలు మొదటి బంతిలోనే దాదాపుగా అయిపోతాయి, పప్పు మాత్రం ఆఖరి బంతి లేచేదాకా గంగాళంలో ఉంటుంది. పప్పు బాగుండదని నేను అనడం లేదు, పప్పు లేని భోజనమే లేదు. కానీ ఎదురుగా బూరెలు వడ్డిస్తుండగా విస్తరి నిండా పప్పు పోయించుకునేవాడికి బేరం తెలియదని మాత్రం కచ్చితంగా అంటాను. ఈ లీగ్‌లో పప్పు ఎవరో మీకు అర్థమయ్యే ఉంటుంది: రన్నింగ్ బ్యాక్, అంటే బాల్ పట్టుకుని పరుగెత్తేవాడు.

ఉదాహరణకు ఎక్కడికో వెళ్ళనక్కరలేదు, మన డాలస్ జట్టు కౌబాయ్స్ చాలు. 2014లో డిమార్కో మరే 1,845 యార్డులు పరుగెత్తి లీగ్ మొత్తంలో మొదటి స్థానంలో నిలిచాడు. అతడిని జట్టు 2011లో మూడో బంతిలో, 71వ ఎంపికగా తీసుకుంది. అతడి ముందు వరుసలో ఎదుటివారిని అడ్డుకుని దారి తీసిన లైన్‌మన్‌లు టైరన్ స్మిత్, ట్రావిస్ ఫ్రెడరిక్, జాక్ మార్టిన్ ముగ్గురూ మొదటి బంతివారు. నన్నడిగితే ఆ లైనే పప్పులో వేసిన నెయ్యి. మరుసటి ఏడు మరే ఫిలడెల్ఫియాకు వెళ్ళి 702 యార్డులకే పరిమితమయ్యాడు. అక్కడి ఆట పద్ధతి వేరన్నది నిజమే, కానీ అదే ఏడు డాలస్‌లో వయసు మీద పడుతున్న డారెన్ మెక్‌ఫాడెన్ అదే నెయ్యితో 1,089 యార్డులు సాధించాడు.

ఆ సీజన్‌లో బాల్ విసిరే క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో గాయాల వల్ల నాలుగు మ్యాచ్‌లే ఆడగా జట్టు 12 ఓడి నాలుగే గెలిచింది. అంటే పరుగులు సాగుతున్నా, బాల్ విసిరేవాడు లేక జట్టు కూలిపోయింది. ఆ ఓటముల పుణ్యాన 2016లో నాలుగో ఎంపిక దక్కితే, దానితో కౌబాయ్స్ ఎవరిని తీసుకున్నారు? ఎజెకియెల్ ఇలియట్ అనే రన్నింగ్ బ్యాక్‌ను. అతడు మొదటి ఏడాదే 1,631 యార్డులతో లీగ్‌లో అగ్రస్థానం పొందాడు, జట్టు 13 మ్యాచ్‌లు గెలిచింది, ఊరంతా సంబరపడింది. అయితే ఆ ఏడు పరుగులలో రెండో స్థానం ఎవరిదో చూడండి: అదే డ్రాఫ్ట్‌లో అయిదో బంతిలో, 150వ ఎంపికగా షికాగోకు వెళ్ళిన జోర్డన్ హోవర్డ్, 1,313 యార్డులు. కౌబాయ్స్ వదిలేసిన జేలెన్ రామ్సీ అనే కార్నర్‌బ్యాక్ (విసిరిన బాల్ అందుకునేవాడిని అడ్డుకునేవాడు) ఆ వెంటనే అయిదో ఎంపికగా జాక్సన్‌విల్‌కు వెళ్ళిపోయాడు. అలాంటివాడు అయిదో బంతిలో దొరకడం బహు అరుదు. అదే డ్రాఫ్ట్‌లో 135వ ఎంపికగా డాక్ ప్రెస్కాట్ అనే క్వార్టర్‌బ్యాక్ దొరికాడు కదా అని మీరు అనవచ్చు. నాలుగో బంతిలో బూరె దొరకడం అదృష్టమే గాని పద్ధతి కాదు.

ఇంతకీ ఈ విందులో బూరెల విలువ, అంటే పాస్ (బాల్‌ను ముందుకు విసరడం) చుట్టూ తిరిగే ఆటగాళ్ళ విలువ, ఎందుకు పెరిగింది? 1978లో రెండు నియమాలు మారాయి: అయిదు యార్డులు దాటాక పాస్ అందుకునే రిసీవర్‌ను డిఫెండర్ తాకకూడదన్నారు, లైన్‌మన్ చేతులు చాచి ఎదురువాడిని ఆపవచ్చన్నారు. 2004లో మొదటి నియమాన్ని మరింత కఠినంగా అమలు చేశారు. నేడు ఒక పరుగుకు సగటున నాలుగు యార్డుల పైచిలుకు వస్తే, ఒక పాస్‌కు ఏడు వరకు వస్తాయి. అందుకే 2013లో మొదటి నాలుగు ఎంపికల్లో ముగ్గురు ట్యాకిల్స్ (విసిరేవాడిని కాపాడే లైన్‌మన్‌లు) ఉండగా, మొదటి బంతి మొత్తంలో ఒక్క రన్నింగ్ బ్యాక్ కూడా లేడు. 1963 తరువాత అలా జరగడం అదే మొదటిసారి. 2024లోనైతే మొదటి 12 ఎంపికల్లో ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లే.

జీతాల సంగతి ఇంకా ముఖ్యం. 2011లో లీగ్‌కూ ఆటగాళ్ళ సంఘానికీ కుదిరిన ఒప్పందం తరువాత కొత్త ఆటగాడి జీతం అతడి స్థానాన్ని బట్టి కాక, ఎంపిక సంఖ్యను బట్టి ఉంటోంది. నాలుగో ఎంపికగా క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చుకున్నా రన్నింగ్ బ్యాక్‌ను తెచ్చుకున్నా ఖర్చు ఒకటే. బయటి మార్కెట్‌లో మాత్రం 2024లో ప్రెస్కాట్‌కు ఏటా 6 కోట్ల డాలర్లు పలికితే, 2025లో సేక్వాన్ బార్క్‌లీ 2 కోట్లు దాటిన మొదటి రన్నింగ్ బ్యాక్ అయ్యాడు. బూరెకూ పప్పుకూ ఒకే ధర పెట్టిన చోట దేన్ని తీసుకోవాలో లెక్కలు రానివారికైనా తెలియాలి.

బార్క్‌లీ పేరెత్తగానే కామెంట్లలో ఏం రాస్తారో నాకు తెలుసు. 2024లో అతడు 2,005 యార్డులు పరుగెత్తాడు, అతడి జట్టు ఫిలడెల్ఫియా ఈగల్స్ సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచారు, నిజమే. కానీ 2018లో అతడిని రెండో ఎంపికగా తీసుకున్నది న్యూయార్క్ జెయింట్స్. వారి విస్తరిలో నెయ్యి లేదు. ఈగల్స్ లైన్‌ను ముందే కట్టుకుని, అతడిని ఆఖరున డబ్బిచ్చి తెచ్చుకున్నారు.

సమయం మించిపోతోంది కనుక డిఫెన్స్ గురించి రెండు ముక్కలే చెబుతాను. పాస్ ఆపాలంటే విసిరేవాడిని తరిమే ఎడ్జ్ రషర్, అందుకునేవాడిని అంటిపెట్టుకునే కార్నర్‌బ్యాక్ కావాలి, వారిద్దరూ బూరెలే. మధ్యలో నిలబడి పరుగును ఆపే లైన్‌బ్యాకర్ పప్పు వైపే జరుగుతున్నాడు. ఇక కిక్కర్ తాంబూలం వంటివాడు, అందరూ చేతులు కడుక్కున్నాక తీసుకోవలసినవాడు. 2000లో రైడర్స్ జట్టువారు మాత్రం 17వ ఎంపికతో, మొదటి బంతిలోనే, సెబాస్టియన్ జానికోవ్‌స్కీ అనే కిక్కర్‌ను తీసుకున్నారు; ఆ డ్రాఫ్ట్‌లో టామ్ బ్రేడీ అనే క్వార్టర్‌బ్యాక్ 199వ ఎంపిక దాకా కూర్చునే ఉన్నాడు.