రౌటర్‌కు చిన్న యూపీఎస్: అత్తమ్మ మోటారు పరీక్షలో నెగ్గిందా?

నమస్కారం. నా చేతిలో ఉన్న ఈ నల్ల డబ్బా చూశారా? సబ్బు పెట్టె కంటే కొంచెం పెద్దది. రౌటర్ కోసం అమ్మే చిన్న యూపీఎస్ ఇది, అంటే కరెంటు పోయినా రౌటర్‌ను నడిపే బ్యాటరీ. 1,450 రూపాయలు పెట్టి కొన్నాను, రెండు నెలలు వాడాను. బాగుందా అంటే బాగుంది. మీరు కొనాలా అంటే మాత్రం కాసేపు కూర్చుని వినాలి. నేను దీన్ని కొన్న రోగం వేరు, ఇది కుదిర్చిన రోగం వేరు.

మాది నల్లగొండ. మేడ మీద గదిలో కూర్చుని పదో తరగతి పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతాను. ఉదయం ఆరు గంటలకు ఒక బ్యాచి, సాయంత్రం ఆరున్నరకు ఇంకొకటి. మార్చి నుంచి నెట్ మధ్యమధ్యలో పోవడం మొదలైంది. వర్గ సమీకరణం సగం రాసేసరికి నా బొమ్మ నోరు తెరిచినట్టే నిలిచిపోయేది. పిల్లలకు పండగ. తల్లిదండ్రులకు కాదు.

కేబుల్ ఆఫీసుకు ఫోను చేస్తే ఒకటే మందు: రౌటర్ ఆపి మళ్లీ వేయండి మేడం. వేశాను. వస్తుంది, మర్నాడు మళ్లీ పోతుంది. పక్కింటివాళ్లు, కరెంటు హెచ్చుతగ్గులు అయి ఉంటాయి, చిన్న యూపీఎస్ పెట్టుకోమన్నారు. అలా ఈ డబ్బా ఇంటికి వచ్చింది. అయితే పెట్టె విప్పడానికి ముందు నేను ఒక మంచి పని చేశాను. ఈ వీడియోలో మీకు పనికొచ్చేది ఏదైనా ఉంటే అది ఇదే.

మా వంటింటి గోడకు ఒక క్యాలెండర్ ఉంటుంది. మా అత్తమ్మ అందులో పాల లెక్క రాస్తారు. గ్యాస్ బండ ఎప్పుడు మార్చారు, నల్లా నీళ్లు ఏ రోజు వచ్చాయి, అన్నీ ఆ గళ్లలోనే. నేను కూడా నెట్ పోయినప్పుడల్లా ఆ తేదీ గడిలో టైము రాసి, పక్కన ఒక అక్షరం పెట్టాను. రౌటర్ పెట్టె మీద దీపాలన్నీ ఆరి మళ్లీ వెలిగితే 'ఆ'. ఎల్ఓఎస్ అనే చోట ఎర్ర దీపం వస్తే 'ఎ'. దీపాలన్నీ బుద్ధిగా పచ్చగానే ఉండి, ఫోనులో మాత్రం నెట్ రాకపోతే 'ప'. రెండు వారాలు రాశాను.

ఈ మూడు అక్షరాలు మూడు వేర్వేరు జబ్బులు. దీపాలన్నీ ఆరాయంటే పెట్టెకు కరెంటు అందలేదు. ఎర్ర దీపం వచ్చిందంటే ఇంటికి నెట్ తెచ్చే ఫైబర్ అనే గాజు తీగలో వెలుగు రావడం లేదు. అన్నీ పచ్చగా ఉన్నాయంటే మీ ఇంటి వైఫై అయినా కావాలి, లేదా ఆఫీసు అవతలి సంగతి అయినా కావాలి. ఎవరికైనా ఫోను చేసి 'నెట్ రావడం లేదు' అంటే వాళ్లకు ఏమీ తెలియదు. 'ఎర్ర దీపం వస్తోంది' అంటే అవతలివాడు సగం లేచి నిలబడతాడు.

రెండు వారాల తర్వాత క్యాలెండర్ ముందు నిలబడి చూస్తే 'ఆ'లన్నీ ఉదయం ఆరూ పది, ఆరూ పావు మధ్యలోనే ఉన్నాయి. అది కూడా రోజు విడిచి రోజు. నాకు అర్థం కాలేదు. అత్తమ్మ పాలగిన్నె పట్టుకుని వచ్చి ఒక చూపు చూసి, "నల్లా వచ్చిన రోజు నీ నెట్ పోవడం లేదు కదమ్మా" అన్నారు.

అంతే! నల్లా నీళ్లు రాని రోజు ఆమె బోరు మోటారు వేస్తారు. మా బోరు నీళ్లు బట్టలకూ గిన్నెలకే, తాగడానికి కాదు. నల్లగొండ బోర్లలో ఫ్లోరైడ్ సంగతి ఈ జిల్లావాళ్లకు నేను చెప్పాలా? మోటారు స్టార్టర్ నొక్కిన క్షణంలో, మామూలుగా తిరిగేటప్పుడు లాగే కరెంటుకు అయిదారు రెట్లు లాగుతుంది. ఆ క్షణం ఇంట్లో వోల్టేజి పడిపోతుంది, ట్యూబులైటు ఒకసారి కన్ను కొడుతుంది. సరిగ్గా అప్పుడే రౌటర్ ఆరి మళ్లీ వెలుగుతోంది. అది తేరుకుని లైను అందుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. పదో తరగతి క్లాసులో రెండు నిమిషాలంటే అందరూ లేచి టిఫిను తినడానికి వెళ్లిపోయేంత సమయం.

సరే, యూపీఎస్ తగిలించాను. మర్నాడు అత్తమ్మ మోటారు వేశారు. ట్యూబులైటు కన్ను కొట్టింది, రౌటర్ కొట్టలేదు. ఎంత సంతోషమో! అప్పటికప్పుడు వీడియో చేసి పెట్టి ఉంటే, 'అద్భుతమైన డబ్బా, అందరూ కొనండి' అని చెప్పేసేదాన్ని.

నన్ను ఆపింది రౌటర్‌కు కరెంటు ఇచ్చే పాత అడాప్టర్ మీది చీటీ. దగ్గరగా చూపిస్తాను, అక్షరాలు చిన్నవి. ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు అని ఉంది. మోటారు వేసినప్పుడు ప్లగ్గులో మల్టీమీటర్ పెట్టి చూస్తే 228 నుంచి 190 దాకా దిగింది. మీటరు మరీ చురుకైనది కాదు, నిజంగా ఇంకొంచెం దిగి ఉండవచ్చు. అయినా 100 వోల్టుల దాకా ఓర్చుకోవలసిన అడాప్టర్ అంత మాత్రానికే ఎందుకు తడబడాలి?

ఎలక్ట్రానిక్స్ మరమ్మతు దుకాణానికి తీసుకెళ్లాను. ఆయన మూత విప్పి లోపల ఉన్న కెపాసిటర్ చూపించారు. పైభాగం చదునుగా ఉండాలి, ఇది పూరీలా ఉబ్బి ఉంది. కరెంటు రెప్పపాటు తగ్గినా లోపల దాచుకున్న దానితో నడిపించడం కెపాసిటర్ పని. ఎండలకు, ఏళ్ల తరబడి ఆపకుండా వాడిన వేడికి అది ఎండిపోయింది. కొత్త అడాప్టర్, 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు, 250 రూపాయలు. ఇంటికి వచ్చి యూపీఎస్ తీసేసి, కొత్త అడాప్టర్‌తో మాత్రమే వారం రోజులు నడిపాను. మోటారు ఎన్నిసార్లు వేసినా ఒక్కసారి కూడా ఆరలేదు. అంటే ఉదయపు రోగానికి మందు 250 రూపాయలదే. 1,450 రూపాయల డబ్బా జ్వరాన్ని దుప్పటి కింద దాచింది. మీ రౌటర్ కూడా ఇలా ఆరి వెలుగుతుంటే ముందు అడాప్టర్ మార్చి చూడండి. ఒక్క జాగ్రత్త: కొత్తదాని వోల్టులు పాతదానికి సమానంగా ఉండాలి, ఆంపియర్లు సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండవచ్చు. అడాప్టర్‌ను మీరు ఇంట్లో విప్పకండి, ప్లగ్గు తీసేసినా లోపల కరెంటు నిలిచి ఉంటుంది.

మరి యూపీఎస్ దండగా? కాదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం లేచిందంటే మా వైపు కరెంటు పోతుంది. అప్పుడు దీని అసలు పని మొదలవుతుంది. డబ్బా మీద 6,000 ఎంఏహెచ్ అని రాసి ఉంది, ప్రకటనలో పది గంటలు వస్తుందన్నారు. లెక్కల టీచరును కదా, ఊరుకోలేను. ఆ 6,000 అనేది లోపలి సెల్లు 3.7 వోల్టుల దగ్గర లెక్క. అంటే దాదాపు 22 వాట్ గంటలు. నా రౌటర్ ఏడు వాట్లు తింటుంది. 12 వోల్టులకు మార్చేటప్పుడు పోయేది పోగా రెండున్నర గంటలు దాటి కొంచెం రావాలి. గడియారం పెట్టి చూశాను, 2 గంటల 25 నిమిషాలు వచ్చింది. నాకు ఆ మాత్రం చాలు. పది గంటలన్నవాడికి మాత్రం ఆరు వేలను 12తో హెచ్చవేసి చూపించే హక్కు లేదు.

నచ్చనివి రెండు. వైరు చివర ఉండే పిన్ను. రౌటర్లకు పెట్టే పిన్నుల్లో లోపలి రంధ్రం 2.1 మిల్లీమీటర్లవీ ఉంటాయి, 2.5వీ ఉంటాయి. దీనితో వచ్చింది నా రౌటర్‌కు వదులుగా ఉండి, బల్ల కదిలితే చాలు ఆరిపోయేది. నెట్ పోకుండా కొన్న వస్తువే నెట్ పోగొట్టిన ఘనత అది. ఇరవై రూపాయల మార్పిడి పిన్ను వేశాక కుదిరింది. రెండోది వేడి. లోపల ఉన్నవి లిథియం సెల్లు. మే నెలలో ఇక్కడ 44, 45 డిగ్రీలు మామూలే. రేకుల గదిలో, బీరువా మీద, గుడ్డ కప్పి పెడితే సెల్లు తొందరగా చచ్చిపోతాయి, ఉబ్బినా ఆశ్చర్యం లేదు. నేను కింద హాల్లో గోడకు మేకు కొట్టి గాలి తగిలేలా వేలాడదీశాను.

ఇంకొక సంగతి. మన ఇంట్లో కరెంటు ఉంటే సరిపోదు. స్తంభం మీద ఉండే స్ప్లిటర్ డబ్బాకు కరెంటుతో పని లేదు, అది వెలుగును పంచే గాజు మాత్రమే. కానీ ఆ వెలుగును పంపే యంత్రం కేబుల్ ఆఫీసులో ఉంటుంది. ఒక సాయంత్రం నా యూపీఎస్ హాయిగా పనిచేస్తుండగానే నలభై నిమిషాలకు ఎర్ర దీపం వచ్చింది. వాళ్ల బ్యాటరీ అయిపోయింది. దానికి నేనేం చేయగలను? కొనే ముందు మీ ఆపరేటర్‌ను అడగండి: కరెంటు పోతే మీ దగ్గర ఎంతసేపు నడుస్తుందని.

ఇక 'ఎ'ల కథ. గాలి వీచిన సాయంత్రాల్లోనే వచ్చేవి. ఒకసారి పట్టపగలు, గాలి లేకుండా కూడా వచ్చింది. ఆరోజు కోతులు వచ్చాయి.

రౌటర్ పేజీ తెరిచి చూశాను. బ్రౌజర్‌లో 192.168.1.1 కొడితే చాలా పెట్టెల్లో తెరుచుకుంటుంది, యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టె కింద చీటీ మీద ఉంటాయి. అందులో ఆప్టికల్ అనే చోట, మనకు అందుతున్న వెలుగు ఎంతో డీబీఎం అనే కొలతలో చూపిస్తుంది. మైనస్ పక్కన అంకె పెద్దదయ్యేకొద్దీ వెలుగు తక్కువన్నమాట. నాది గాలి లేనప్పుడు మైనస్ 26.8. మైనస్ 27, 28 దగ్గర చాలా పెట్టెలు చేతులెత్తేస్తాయి. అంటే గోడ అంచు మీద నిలబడి ఉన్నాం, గాలి తోస్తే పడిపోతున్నాం.

ఈసారి ఆఫీసుకు ఫోను చేసి ఆ అంకె చెప్పాను. ఫిర్యాదు నంబరు కూడా తీసుకున్నాను. అది అడిగి తీసుకోవాలి. మీ ఫిర్యాదు వాళ్లు సరిగ్గా పట్టించుకోకపోతే పైన అప్పీలు చేసుకోవడానికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నాటి నిబంధనలు వీలు కల్పించాయి, ఆ నంబరు లేకపోతే అప్పీలు ముందుకు సాగదు. మర్నాడే అబ్బాయి వచ్చాడు. డాబా ఎక్కి పిట్టగోడ మూల చూడగానే నవ్వాడు. "అక్కా, ఇది ఎవరు కట్టారు?" అన్నాడు. కట్టింది వాళ్ల ఆఫీసువాళ్లే. పిట్టగోడ మూల మీద తీగను నిలువుగా మడిచి బైండింగ్ వైరుతో బిగించేశారు. ఫైబర్‌లో పరిగెత్తేది వెలుగు. తీగను మెల్లగా వంచితే వెలుగు కూడా వంగుతుంది, మడత పెడితే బయటికి కారిపోతుంది. దాని మీద కోతి ఊగితే ఇక చెప్పేదేముంది!

ఆ ముక్క కోసేసి, రెండు కొసలను యంత్రంలో పెట్టి అతికించాడు. వెంట్రుకంత సన్నని గాజు అది, కింద పడిన ముక్కలను టేపుకు అంటించి ఏరాడు, పాదానికి గుచ్చుకుంటే కనబడదని. మూల దగ్గర తీగను ఒక చిన్న పైపు గుండా వెడల్పుగా తిప్పి కట్టాడు. కిందికి వచ్చి పేజీ చూస్తే మైనస్ 20.1. ఆరేడు అంకెల తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, ఈ కొలతలో మూడు తగ్గితే వెలుగు సగమవుతుంది. ఇంతకాలం మాకు రావలసిన దానిలో అయిదో వంతే వచ్చింది.

ఈ పనికి మీరు మాత్రం దిగకండి. ఆ వెలుగు కంటికి కనిపించదు, తీగ కొస కంట్లోకి పెట్టి చూడకూడదు. స్తంభం మీది తీగల జోలికి అసలే వెళ్లకండి. ఫైబర్‌లో కరెంటు ఉండదన్నది నిజమే, కానీ దాన్ని మోసే ఇనుప తీగకు కరెంటు తగలవచ్చు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయిన తర్వాతే కదా స్తంభాల మీది కేబుళ్ల తొలగింపు అంత జోరుగా సాగింది.

'ప'లు నాకు మూడే వచ్చాయి, మూడూ మేడ మీద గదిలోనే. రౌటర్‌కూ నాకూ మధ్య స్లాబు, ఇనుప బీరువా ఉన్నాయి. బీరువా జరపలేం కాబట్టి నలభై అడుగుల లాన్ వైరు పైకి లాగాను. వైఫైతో కుస్తీ పట్టడం కంటే అదే సుఖం. మీకు వైరు వద్దనుకుంటే రౌటర్ పేజీలో 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఛానెల్‌ను 1, 6, 11లో ఒకదానికి మార్చి చూడండి, ఈ మూడూ ఒకదాని మీద ఒకటి పడవు.

సరే, చివరగా మీ కళ్ల ముందే పరీక్ష. కొత్త అడాప్టర్ ఉంది, యూపీఎస్ కూడా ఉంది. కెమెరాను రౌటర్ దీపాల మీద పెడుతున్నాను. అత్తమ్మా, మోటారు వేయండి!

ట్యూబులైటు చూశారా, కన్ను కొట్టింది. దీపాలు... పచ్చగానే ఉన్నాయి. ఇంకోసారి ఆపి వేయమంటాను. అదిగో, అలాగే ఉన్నాయి. యూపీఎస్ తీసేసి అడాప్టర్ ఒక్కదానితో కూడా చూద్దాం. వేయండి అత్తమ్మా... ఆరలేదు. నేను చెప్పలేదా?

ఆగండి, పైన ఏదో చప్పుడు. అయ్యో, ట్యాంకు నిండి డాబా మీద పారుతోంది. మోటారు ఆపాలి, వస్తాను.