కొత్త టీచరు ముందు తట్టాల్సిన తలుపులు

నమస్కారం. ఏళ్ల తరబడి చదివి, డీఎస్సీ కొట్టి, బడిలో చేరిన టీచర్లతోనే ఈరోజు నా మాట. తెలంగాణలో 2024 అక్టోబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 సెప్టెంబరులో నియామక పత్రాలు ఇచ్చారు. వేల మంది ఒక్కసారిగా బడుల్లోకి వచ్చారు. చాలామందికి ముక్కూమొహం తెలియని ఊళ్లు పడ్డాయి.

కర్నూలు జిల్లా పడమటి వైపు ఊళ్లనే తీసుకోండి. కోసిగి, మంత్రాలయం, ఆదోని. అక్కడ వానాకాలం పంట చేతికొచ్చాక ఊళ్లో పని దొరకదు. కుటుంబాలకు కుటుంబాలే మూటాముల్లె సర్దుకుని గుంటూరు, పల్నాడు వైపు మిరపకోతకు వెళ్లిపోతాయి. పిల్లలూ వాళ్ల వెంటే. మీరు మాత్రం హాజరు పట్టీలో వరుసగా ఆబ్సెంట్లు వేస్తూ, 'ఈ ఊరోళ్లకు చదువంటే పట్టదు' అనుకుంటారు. ఆ మాట మనసులోకి రానివ్వకండి. పట్టకపోవడం కాదండీ, ఏడాది తిండి అక్కడుంది.

అందుకే చేరిన మొదటి నెలలోనే ఇళ్లకు వెళ్లండి. పొద్దున పదింటికి వెళ్తే తాళాలే కనిపిస్తాయి. కూలి నుంచి వచ్చి, పొయ్యి వెలిగించే వేళకు వెళ్లండి. టీచరు గడప తొక్కారంటే పిల్లాడేదో చేశాడని ఆ తల్లి ముందే బెదిరిపోతుంది. మీరు వాడి నోటుపుస్తకం తీసుకెళ్లి, 'చూడమ్మా, పోయిన వారం ఈ తీసివేతలు రాలేదు, ఇవాళ వాడే చేశాడు' అని ఆ పేజీ చూపించండి. ఆమెకు చదువు రాకపోవచ్చు, మీరు పెట్టిన ఎర్ర టిక్కు మాత్రం తెలుస్తుంది. ఆ తర్వాత ఏ సంగతైనా ఆమే మీకు చెబుతుంది.

ఇక బడి బాగోగులు చూసే విద్యా కమిటీ. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. చాలాచోట్ల జరిగేదేంటి? తీర్మానాల పుస్తకం ఇంటింటికీ తిరుగుతుంది, సంతకాలు, వేలిముద్రలు పడతాయి, మీటింగ్ అయిపోయినట్టే! నాకిది చాలా బాధగా ఉంటుంది. కూలి పోగొట్టుకుని పగలు పదకొండింటికి ఎవరొస్తారు? హెడ్మాస్టరుగారిని ఒప్పించి సాయంత్రం పెట్టించండి.

తోటి టీచర్ల సంగతికొస్తే, ఆ ఊళ్లో పదేళ్లుగా ఉన్న సీనియర్‌ని అడగండి, ఏ ఇంట్లో ఏ కష్టం ఉందో చెబుతారు. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో సంతకం పెట్టి వచ్చేయకుండా, ఎలా చెప్పాలో మీకు నిజంగా తట్టని పాఠం ఒకటి అక్కడ అడగండి. మధ్యాహ్న భోజనం వండే అక్కను మాత్రం మర్చిపోవద్దు. పొద్దున ఏమీ తినకుండా వచ్చే పిల్లలెవరో మనకంటే ముందు ఆమెకే తెలుస్తుంది, వాళ్లు రెండోసారి అన్నం ఎలా అడుగుతారో రోజూ చూస్తుంది కాబట్టి.

వలస విషయంలో ఆలస్యం చేయొద్దు. ఆటో ఎక్కే రోజున బతిమాలితే ఎవరూ ఆగరు. పంట ఇంటికొచ్చేలోపే కమిటీలో కూర్చోబెట్టి మాట్లాడండి. నాన్నమ్మ దగ్గర ఉండగలిగే పిల్లలెవరు, అమ్మానాన్నలు వలస వెళ్లిన నెలల్లో పిల్లలుండే సీజనల్ హాస్టల్ ఎవరికి కావాలి అని పేర్లు రాసుకోండి. బడి చదువుల కోసం ఉన్న సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద అలాంటి హాస్టళ్లు నడుపుతారు. ఆ పేర్లతో అర్జీ రాసి, కమిటీ ఛైర్మన్‌ని వెంటబెట్టుకుని మండల విద్యాధికారి (ఎంఈఓ) గారి దగ్గరికి వెళ్లండి.