కుంపటి గ్యాసు, క్వేజార్ ఇల్లు

చలికాలంలో తలుపులన్నీ బిగించుకుని, గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు తెల్లారేసరికి ప్రాణాలతో లేరన్న వార్త ఎప్పుడో ఒకప్పుడు మీరు పేపర్లో చదివే ఉంటారు. రంగు లేదు, వాసన లేదు, అదే కార్బన్ మోనాక్సైడ్. ఇవాళ నేను మాట్లాడేది ఆ గ్యాసు గురించే, కాకపోతే అది ఉన్న చోటు నుంచి బయల్దేరిన సంకేతం మన దాకా రావడానికి దాదాపు 1290 కోట్ల ఏళ్లు పట్టింది.

ఆ చోటు పేరు జె1148+5251. బస్సు నంబరులా ఉంది కదా, ఆకాశంలో దాని అడ్రసు అది. ఇదొక క్వేజార్. గెలాక్సీ నడిమధ్యలోని బ్లాక్ హోల్‌లోకి పడబోయే పదార్థం సుడి తిరుగుతూ వేడెక్కి, ఆ గెలాక్సీ నక్షత్రాలన్నీ కలిసినా దాని ముందు దిగదుడుపే అన్నట్టు వెలుగుతుంది. 1963లో మార్టెన్ ష్మిట్ 3సి 273 అనే క్వేజార్ దూరం తేల్చిన నాటి నుంచీ ఇదే తంటా: దీపం కనిపిస్తుంది, ఇల్లు, అంటే దాని చుట్టూ ఉన్న గెలాక్సీ, ఆ జిగేలులో కనిపించదు.

ఇల్లు కనిపించాలంటే మామూలు వెలుగు వదిలేసి మిల్లీమీటరు తరంగాలు పట్టుకోవాలి, అక్కడ చల్లటి గ్యాసుదీ ధూళిదీ పైచేయి. గ్యాసులో ఎక్కువ భాగం హైడ్రోజనే, కానీ చల్లగా ఉన్నప్పుడు హైడ్రోజన్ అణువు మూగది, రెండు పరమాణువులూ ఒకేలా ఉండటంతో తిరిగినా రేడియో తరంగాలు రావు. కార్బన్ మోనాక్సైడ్ అలా కాదు, ఒకవైపు కార్బన్, ఒకవైపు ఆక్సిజన్, తిరిగితే చాలు సంకేతం వస్తుంది. దాన్ని కొలిచి హైడ్రోజన్ ఎంతుందో అంచనా వేస్తారు. ఆ మార్పిడి లెక్క మన దగ్గరి గెలాక్సీలను చూసి పెట్టుకున్నది, అంత దూరంలోనూ అదే చెల్లుతుందా అన్న పేచీ ఎప్పుడూ ఉన్నదే.

2003లో అమెరికాలోని న్యూ మెక్సికో నుంచి వీఎల్ఏ, ఫ్రాన్స్ ఆల్ప్స్ కొండల మీది ప్లటో ద బ్యూర్ టెలిస్కోపులు ఈ సంకేతాన్ని పట్టాయి. లెక్క కడితే దాదాపు 2000 కోట్ల సూర్యుళ్లంత గ్యాసు. నాకు అంతకంటే వింతగా అనిపించేది వేరే ఉంది. ఆ సంకేతం బయల్దేరినప్పటికి విశ్వం వయసు 87 కోట్ల ఏళ్లే. కార్బన్, ఆక్సిజన్ పుట్టేది నక్షత్రాల కడుపులో, అవి చచ్చాకే బయటికొస్తాయి. అంటే మనం చూస్తున్న ఆ గ్యాసు అప్పటికే వాడేసిన సరుకు, ఒక తరం నక్షత్రాలు పుట్టి, మండి, పోయాక మిగిలిన పొగ!

2005లో స్పెయిన్‌లోని 30 మీటర్ల ఐరామ్ టెలిస్కోపు అక్కడే ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న కార్బన్ గీతను కూడా పట్టింది, గీత అంటే ఒక పదార్థం తనదైన కొలతలో వదిలే తరంగం. బయల్దేరినప్పుడు 158 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగం, విశ్వం సాగిన కొద్దీ తానూ సాగి 7.42 రెట్లయి, మనకు చేరేసరికి 1.17 మిల్లీమీటర్లు.

అసలు టెన్షన్ ఇక్కడ మొదలైంది. గ్యాసు కొంత మన వైపు, కొంత అవతలికి కదులుతుంటే దాని గీత వెడల్పవుతుంది, ఆ వెడల్పును వేగంగా చెబుతారు. కార్బన్ మోనాక్సైడ్ గీత వెడల్పు సెకనుకు సుమారు 280 కిలోమీటర్లు, అంటే గ్యాసు ఆ లెక్కన తిరుగుతోంది, దాన్నుంచి గెలాక్సీ లోపలి భాగం బరువు కడితే దాదాపు 5000 కోట్ల సూర్యుళ్లు. బ్లాక్ హోల్ ఒక్కటే 300 కోట్లు. మన చుట్టుపక్కల పెద్ద గెలాక్సీల్లో నక్షత్రాలు గుమిగూడిన నడిమి ఉబ్బు బరువులో బ్లాక్ హోల్ వాటా వెయ్యికి ఒకటి నుంచి అయిదు పాళ్లు, ఇక్కడ అరవై! పిల్లాడి కంటే ముందు మీసం పుట్టినట్టుంది వ్యవహారం. అయితే ఒక మెలిక ఉంది. గ్యాసు పళ్లెంలా తిరుగుతోందనుకుంటే, మనకు తెలిసేది మన వైపుగానో, మననుంచి దూరంగానో వెళ్లే వేగం మాత్రమే. అట్లపెనాన్ని నిలువుగా పట్టుకుని మనకు ఎదురుగా తిప్పితే ఎంత జోరుగా తిరిగినా ఆ వేగం సున్నాయే, అప్పుడు బరువు తక్కువగా లెక్కపడుతుంది. పైగా మన కంటికి మొదట పడేవి బాగా వెలిగే క్వేజార్లే, వాటిల్లో బ్లాక్ హోల్ లావుగా ఉండటంలో ఆశ్చర్యమేముంది? అందుకే ఈ ఒక్కదాన్ని చూపించి బ్లాక్ హోలే ముందు పెరిగిందని బల్లగుద్ది చెప్పేవాళ్లను నేను అంతగా నమ్మను.

తర్వాత చిలీలో 5000 మీటర్ల ఎత్తున, గాలిలో తడి దాదాపు లేని ఎడారిలో 66 యాంటెన్నాల ఆల్మా టెలిస్కోపు వచ్చింది. 2018లో అచ్చయిన సర్వేలో 27 దూరపు క్వేజార్లను చూస్తే 23 చోట్ల ఆ కార్బన్ గీత దొరికింది, ఒక్కో దానికి కొద్ది నిమిషాలు చాలాయి. అంతకు ముందు ఏడాది ఫలితాల్లో 25 క్వేజార్లలో నాలుగింటి పక్కన, మామూలు వెలుగులో కనబడని గెలాక్సీలు తేలాయి, అవి కూడా నిండా గ్యాసుతో. బ్లాక్ హోల్‌కి అంత తిండి ఎక్కణ్ణుంచి వస్తోందని అడిగేవాళ్లు ఇప్పుడు ఆ పక్కింటి వైపు చూస్తున్నారు.